కాఫీ తోటలో కూలి దొరికితే ఇంట్లో మాట చెల్లుతుందా?

2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్కెట్‌లో అరబికా కాఫీ ధర పౌండుకు 4 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. ఆ వేడి బెంగళూరు దర్శినుల (నిలబడి తినే చిన్న హోటళ్ల) దాకా వచ్చింది. పొడి కొట్లలో రేటు బోర్డులు మారాయి, కప్పు మీద రెండు మూడు రూపాయలు ఎక్కాయి. ధర గురించి మాట మొదలైతే కూలి దగ్గరికి రాక మానదు. తోటల వాళ్లు మనుషులు దొరకడం లేదంటారు. కాఫీ తోటలు వేలమంది పల్లె ఆడవాళ్లకు సొంత సంపాదన ఇస్తున్నాయి కదా అని ఇంకొకరు అంటారు. డిసెంబరు సెలవుల్లో చిక్కమగళూరో సకలేశపురమో వెళ్లొచ్చిన తెలుగువాళ్ల ఫోన్లలో ఎర్రపండ్ల సంచి పక్కన నిలబడ్డ ఒక ఆమె ఫోటో తప్పకుండా ఉంటుంది. దాని కింద ఎవరో ఒకరు ‘మహిళా సాధికారత’ అని రాసి ఉంటారు.

ఆ ఫోటోలో కనిపించేది కూలి పని. సాధికారత ఉందో లేదో ఫోటోలో కనిపించదు. ఆ కూలి ఎలా లెక్క కడతారు, ఎవరి పేరున రాస్తారు, ఎవరి చేతికి ఇస్తారు, పని మానేస్తే ఆమెకు ఏం మిగులుతుంది అన్నవి తెలిస్తే గానీ జవాబు చెప్పలేం.

‘సాధికారత’ను దేనితో కొలుస్తారు

వాడుక భాషలో చెప్పాలంటే సాధికారత అంటే మాట చెల్లడం. పిల్లను పై చదువుకు పంపాలా, పుట్టింటికి వెళ్లాలా, ఒంట్లో బాగాలేకపోతే ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్నప్పుడు ఆమె మాటకు ఎంత బరువు ఉందన్నదే అసలు ప్రశ్న. ఆర్థికవేత్త నైలా కబీర్ 1999లో దీన్ని మూడు పొరలుగా విడదీశారు. మొదటిది వనరులు, అంటే డబ్బు, భూమి, చదువు, అండగా నిలిచే మనుషులు. రెండోది ఆ వనరులతో తాను అనుకున్నది చేయగల శక్తి. మూడోది దాని వల్ల బతుకులో వచ్చిన మార్పు. తోట కూలి ఇచ్చేది మొదటి పొరను, అందులోనూ ఒక భాగాన్ని. మిగతా రెండూ వాటంతట అవే వచ్చి చేరవు.

2012లో తయారైన ‘వ్యవసాయంలో మహిళా సాధికారత సూచిక’ ఇంకాస్త లెక్కగా అడుగుతుంది. సాగు నిర్ణయాలు, ఆస్తులు, ఆదాయంపై పట్టు, సంఘంలో నాయకత్వం, సమయం అని ఐదు రంగాలు పెట్టింది. చాలామంది పట్టించుకోనిది ఆఖరిదే. ఇంటి పని, బయటి పని కలిపి రోజుకు పదిన్నర గంటలు దాటితే సమయం విషయంలో ఆమె వెనకబడినట్టే లెక్క.

దీన్ని తోటకు అన్వయించి చూద్దాం. పొద్దున వంట, నీళ్లు, పిల్లలను తయారు చేయడం 2 గంటలు. తోటకు నడక 45 నిమిషాలు. పని 8 గంటలు. వచ్చేటప్పుడు కట్టెలు ఏరుకుంటూ నడక 45 నిమిషాలు. రాత్రి వంట, గిన్నెలు 2 గంటలు. మొత్తం పదమూడున్నర. ఆదాయం గడిలో ఆమెకు మార్కు పడుతుంది, సమయం గడిలో పోతుంది. కూలి పని వచ్చి ఇంటి పని తగ్గకపోతే జరిగేది ఇదే.

తోటలో ఏ పని ఎవరిది

మన దేశపు కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే. కొడగు, చిక్కమగళూరు, హాసన్ జిల్లాలు దానికి పట్టుకొమ్మలు. అరబికా కోత నవంబరులో మొదలై జనవరి దాకా, రోబస్టా డిసెంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా సాగుతుంది. పండ్లన్నీ ఒకేసారి పండవు. అందుకే అరబికాలో అదే మొక్క దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. ముందుగా అక్కడక్కడా పండినవి, తర్వాత అసలు కోత, ఆపైన మిగిలినదంతా దులపడం, చివరికి నేల మీద రాలినవి ఏరడం. ఆ ఏరడం మానేస్తే రాలిన పండ్లలో కాయతొలుచు పురుగు బతికి మళ్లీ ఏడు పంటను పట్టుకుంటుంది. పండును కోసిన రోజే తొక్క తీయాలి, సంచిలో రాత్రంతా ఉంటే పులిసిపోతుంది. కాబట్టి సాయంత్రం తూకం దగ్గర తొందర, తోపులాట, లెక్కలో తేడాలు అన్నీ అక్కడే పుడతాయి.

కోత, కలుపు, నర్సరీ, అనవసరపు చిగుళ్లు తుంచడం ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో ఉంటాయి. కొమ్మ కత్తిరింపు, నీడ చెట్లెక్కి కొమ్మలు కొట్టడం, గుంతలు తీయడం, మందు కొట్టడం, సిల్వర్ ఓక్ మీదికి పాకిన మిరియాల తీగకు నిచ్చెన వేసి కోయడం మగవాళ్ల పనులు. సమాన పనికి సమాన వేతనం అని 1976 చట్టం చెప్పింది, 2019 వేతన కోడ్ కూడా అదే చెబుతుంది. పనులే వేరైనప్పుడు ‘సమాన పని’ అన్న మాటకు పట్టు దొరకదు. కత్తిరింపు ‘నైపుణ్యం’ అయి, పచ్చి కాయ తగలకుండా వేళ్లతో ఎర్రపండునే కోయడం ‘మామూలు పని’ ఎలా అయిందో తోటలో ఎవరినడిగినా ‘మొదట్నుంచీ అంతే’ అనే అంటారు. మేస్త్రీ, రైటర్ (హాజరు, తూకం రాసే మనిషి) ఉద్యోగాలకు ఆడవాళ్లు ఎక్కడం అరుదు.

కిలో లెక్కా, రోజు లెక్కా

కోతకాలంలో చాలా తోటలు కిలో లెక్కన ఇస్తాయి. మిగతా కాలం రోజు కూలి. ఉదాహరణ కోసం కిలోకు 5 రూపాయలు, రోజు కూలి 450 అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి పెట్టుకున్న అంకెలు మాత్రమే.

రోబస్టా విరగ్గాసిన రోజు ఆమె 110 కిలోలు కోసింది. 550 రూపాయలు, రోజు కూలికన్నా 100 ఎక్కువ. అదే ఆమె ఆఖరి దఫాలో 35 కిలోలకు మించి కోయలేదు. 175 రూపాయలు. శ్రమ తగ్గలేదు, మొక్క మీద పండు తగ్గింది. పద్ధతిగా నడిపే తోటలు ఇలాంటి రోజులకు రోజు కూలికి మారతాయి. మారని చోట పంట తగ్గిన నష్టంలో ఒక ముక్క ఆమె మీద పడుతుంది. దీనికి సంచి తరుగు, తడి తరుగు, పచ్చికాయ ఉందని మినహాయింపు తోడవుతాయి. రోజుకు 5 కిలోలు తరుగు తీస్తే 25 రూపాయలు, 80 రోజుల కోతకు 2,000.

కిలో లెక్కను పూర్తిగా తప్పుపట్టడం కూడా సరికాదు. చురుకైన చెయ్యి ఉన్నవాళ్లకు అదే ఇష్టం. మగవాడికో రేటు, ఆడమనిషికో రేటు అని కాటా అడగదు. పిల్లను బడిలో దింపి తొమ్మిదింటికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇబ్బంది గర్భిణికి, బాలింతకు, నడుం నొప్పి ఉన్న యాభై దాటినామెకు. వాళ్ల విషయంలో కిలో లెక్క వయసునూ ఒంటినీ కూడా కాటాకెక్కిస్తుంది.

మనం కొనే పొడిలో ఈ కూలి వాటా ఎంతో కూడా ఇక్కడే చూసుకోవచ్చు. సుమారు 6 కిలోల అరబికా పండుకు కిలో పచ్చి గింజ వస్తుంది. వేయిస్తే బరువు తగ్గుతుంది కాబట్టి కిలో వేయించిన గింజకు 7 కిలోల పండు పడుతుంది. పైన అనుకున్న రేటున కోత కూలి 35 రూపాయలు. చికోరీ కలిపితే ఇంకా తగ్గుతుంది.

సంచి ఎవరిది, పేరు ఎవరిది

మొగుడూ పెళ్లామూ పక్కపక్క వరుసల్లో కోసి, సాయంత్రం రెండు సంచులూ ఒకే పేరున తూకం వేయించడం మామూలే. రైటర్‌కు రాత తగ్గుతుంది, ఇంటికి వచ్చే డబ్బు మారదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. దెబ్బ తర్వాత ఎప్పుడో తగులుతుంది.

ప్రసూతి ప్రయోజనం రావాలంటే కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. అలా ఉంటే మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతనం వస్తుంది. ఆమె నిజంగా 92 రోజులు పని చేసింది, అందులో 20 రోజులు తూకం భర్త పేరున పడింది అనుకోండి. హాజరు పట్టీ ప్రకారం 72 రోజులే. రోజుకు 400 చొప్పున 182 రోజులకు రావలసిన 72,800 రూపాయలు ఆ 20 రోజుల రాతలో పోయాయి.

గ్రాట్యుటీదీ ఇదే వరస. ఏడాది పొడుగునా పనిచేసే రోజు కూలికి ఏడాదికి 15 రోజుల వేతనం లెక్క. 450 చొప్పున 20 ఏళ్లకు 1,35,000. సీజన్ సంస్థలో సీజన్ కార్మికురాలిగా రాసుకుంటే సీజన్‌కు 7 రోజులే, అంటే 63,000. కోతలో ఒక పేరు, కలుపులో ఇంకో పేరు, మధ్యలో కాంట్రాక్టరు వచ్చి వెళితే ఆ 63,000 అడగడానికి కూడా కాగితం మిగలదు.

డబ్బు ఎక్కడ జమ అవుతుందన్నది ఇంకో మెలిక. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలితో ఒక ప్రయోగం జరిగింది. ఆడవాళ్లకు సొంత బ్యాంకు ఖాతా తెరిచి, దాన్ని వాడటం నేర్పి, కూలిని నేరుగా అందులోనే వేశారు. ఖాతా మాత్రమే తెరిచిన వాళ్లకంటే ఈ మూడూ జరిగిన వాళ్లు ఆ తర్వాత ఎక్కువగా పనుల్లోకి వెళ్లారు. ఆడవాళ్లు బయట పనిచేయడం గురించిన అభిప్రాయాల్లో కూడా కొంత సడలింపు కనిపించింది. అదే పని, అదే కూలి. మారింది డబ్బు దారి. 2021లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇల్లు, అడ్వాన్సు, బయటికి దారి

అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో నాలుగిళ్ల పాచిపని చేసే ఆమె ఒక ఇల్లు మానేస్తే మూడిళ్లు మిగులుతాయి. ఎస్టేటు లైన్ ఇంట్లో (యజమాని కార్మికులకు ఇచ్చే వరుస ఇంట్లో) ఉన్నామె పని మానేస్తే ఇల్లే పోతుంది. ఈమె కూలి పాచిపని చేసే ఆమెకన్నా ఎక్కువగా ఉన్నా సరే, బేరమాడే బలం తక్కువ. వద్దనగలిగిన వాళ్లకే బేరం కుదురుతుంది. భర్తతో పొసగక విడిగా ఉండాలన్నా లైన్ ఇల్లు చాలాసార్లు అతని ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది.

అడ్వాన్సు ఇంకో ముడి. సీజన్ మొదట్లో భర్త 30,000 తీసుకున్నాడు, వారానికి 500 ఇద్దరి కూలిలో పట్టుకుంటారు అనుకుందాం. తీరడానికి 60 వారాలు కావాలి. కోత 20 వారాలే. 10,000 తీరి, 20,000 మళ్లీ ఏటికి మిగులుతుంది. అప్పు అతను చేశాడు, తీరుస్తున్నది ఇద్దరు. అడ్వాన్సు తీరేదాకా వేరే చోటికి పోనివ్వకపోయినా, దాన్ని చూపించి కనీస కూలి కన్నా తక్కువ ఇచ్చినా 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం అది వెట్టే. కొడగు తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న యరవ, పణియ, జేనుకురుబ గిరిజన కుటుంబాల విషయంలో ఈ మాట ఊరికే పుస్తకంలో ఉండేది కాదు.

కర్ణాటకలో ఈ మధ్య రెండు మార్పులు వచ్చాయి. 2023 జూన్‌లో ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సు ఉచితమైంది. అదే ఏడాది ఆగస్టు నుంచి గృహలక్ష్మి కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000 ఇస్తున్నారు. వీటివల్లే కూలీలు దొరకడం లేదని కొందరు తోటల యజమానుల ఫిర్యాదు. దాన్ని అటునుంచి చూస్తే, పక్క ఊరి తోటలో కిలోకు అర్ధరూపాయి ఎక్కువిస్తున్నారని తెలిస్తే వెళ్లి రావడానికి ఇప్పుడు బస్సు ఖర్చు లేదు. ఒక వారం పని లేకపోయినా పొయ్యి ఆరదు. యజమాని ‘కొరత’ అన్నదే ఆమెకు ‘వద్దనే వీలు’. రెండు వర్ణనలూ అబద్ధం కావు. బస్సు ఎక్కినామె కాటా దగ్గర కాస్త గట్టిగా మాట్లాడుతుందన్నది మాత్రం తోటల వాళ్లే చెబుతారు.

5 హెక్టార్ల గీత

1951 ప్లాంటేషన్ కార్మిక చట్టం కాగితం మీద ఉదారంగానే ఉండేది. ఇల్లు, వైద్యం, పిల్లల చదువు, 20 పని దినాలకు ఒక రోజు వేతనంతో సెలవు అన్నీ ఉండేవి. 50 మంది ఆడ కార్మికులు ఉన్నా, వాళ్ల ఆరేళ్లలోపు పిల్లలు 20 మంది ఉన్నా పిల్లల సంరక్షణ గది పెట్టాల్సి ఉండేది. ఆ గది లేకపోతే ఏం జరుగుతుందో తెలిసిందే. చంటిబిడ్డ కాఫీ మొక్కల నీడలో చీర ఉయ్యాలలో పడుకుంటుంది, లేదా పదేళ్ల అక్క బడి మానేసి ఎత్తుకుంటుంది. తల్లి సంపాదనకు కూతురి చదువు మూల్యమైతే దాన్ని సాధికారత లెక్కలో ఎటు రాయాలి?

అయితే ఈ చట్టం 5 హెక్టార్లు, 15 మంది కార్మికులు అన్న గీత అందుకున్న తోటలకే వర్తించేది. మన దేశంలో కాఫీ రైతుల్లో 98 శాతానికి పైగా 10 హెక్టార్ల లోపు వాళ్లు, వాళ్లలోనూ ఎక్కువమంది చాలా చిన్నవాళ్లు. 3 హెక్టార్ల తోటలో ఆరుగురితో పాటు కోసే ఆమెకు కనీస కూలి హక్కు ఉంటుంది, పిల్లల గది హక్కు ఉండదు. అక్కడ యజమాని భార్య కూడా ఆమె పక్కనే పండ్లు కోస్తూ ఉండొచ్చు. ఆ రైతును పట్టుకుని లైన్ ఇళ్లు కట్టమంటే తోటే అమ్ముకోవాలి. పెద్ద ఎస్టేట్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ప్రభుత్వం చేయాల్సిన ఇల్లు, ఆసుపత్రి, బడి బరువు తమ మీద పెట్టి, ధర మాత్రం లండన్, న్యూయార్క్ మార్కెట్లు తేలుస్తాయంటారు. కార్మిక సంఘాలు దానికి ఇచ్చే జవాబు, ఆ సౌకర్యాలను చూపించే దశాబ్దాలుగా నగదు కూలిని తక్కువగా ఉంచారని.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి 1951 చట్టం వాటిలో కలిసిపోయింది. 5 హెక్టార్ల గీత నిర్వచనంలో నిలిచింది. పిల్లల గదికి 50 మంది కార్మికులు అన్నారు, ఆడవాళ్లని విడిగా లెక్కపెట్టనక్కర్లేదు, కాంట్రాక్టరు మనుషులూ కలుస్తారు. పేరుకు ఇది ముందడుగే. వివరాలు రాష్ట్రాల నియమాల మీద ఆధారపడి ఉంటాయి.

పరిశోధనల్లో తేలిందేమిటి

కూలితో ఆడవాళ్ల స్థితి మారుతుందనే వాళ్లు తరచూ చూపించేది చైనా టీ కథ. 1979 తర్వాత అక్కడ వాణిజ్య పంటల ధరలు పెరిగాయి. టీ ఆకు కోతలో ఆడవాళ్లది పైచెయ్యి, పండ్ల తోటల్లో మగవాళ్లది. టీ పండే చోట్ల ఆడపిల్లలు బతికి బట్టకట్టడం పెరిగింది, మగవాళ్ల పంట ఉన్న చోట్ల తగ్గింది. ఆర్థికవేత్త నాన్సీ కియాన్ 2008లో ఈ లెక్క తేల్చారు. మొత్తం ఇంటి ఆదాయం పెరగడం కాదు, అందులో ఎవరి శ్రమకు విలువ పెరిగిందన్నదే తేడా తెచ్చింది. ఒక్క సంగతి మరవకూడదు: అవి ఎక్కువగా సొంత కమతాలు, ఎస్టేటు కూలి కాదు.

మనకు దగ్గరగా కేరళలోని మున్నార్ టీ తోటల మీద నాన్సీ ల్యూక్, కైవాన్ మున్షీ చేసిన అధ్యయనం ఉంది. అక్కడ ఆడా మగా ఒకే కూలి. ఇంటి సంపాదనలో ఆడవాళ్ల వాటా పెరిగినప్పుడు అణగారిన కులాల కుటుంబాల్లో పిల్లల చదువు మీద ఖర్చు పెరిగింది, సొంతూరి కులబంధాల పట్టు సడలింది. మిగతా కులాల ఇళ్లలో ఆ మార్పు కనిపించలేదు. కట్టుబాటు నుంచి పోగొట్టుకునేది తక్కువ ఉన్నవాళ్లు దాన్ని ముందు వదులుకున్నారని దాని అర్థం.

ఆ మున్నార్‌లోనే 2015 సెప్టెంబరులో కథ ఇంకో మలుపు తిరిగింది. బోనస్‌ను 20 శాతం నుంచి 10కి తగ్గించడంతో తమిళ ఆడ కార్మికులు వేల సంఖ్యలో రోడ్డు మీద కూర్చున్నారు. మగవాళ్ల చేతిలో ఉన్న యూనియన్ నాయకులను దగ్గరికి రానివ్వలేదు. ‘పెంబిళ్ళై ఒరుమై’, ఆడవాళ్ల ఐక్యత, అని పేరు పెట్టుకున్నారు. 20 శాతం మళ్లీ సాధించారు. 232 రూపాయల రోజు కూలిని 500 చేయమంటే తర్వాత చర్చల్లో 301 దగ్గర తెగింది, కోయాల్సిన ఆకు కూడా 21 కిలోల నుంచి 25కు పెరిగింది. సమాన కూలి, దశాబ్దాల ఉద్యోగం, ఒకే చోట కాపురం వాళ్లకు ఆ బలం ఇచ్చాయి. మూడు నెలలకొక కాంట్రాక్టరు మారే చోట అలాంటి సమ్మె ఊహించడం కష్టం.

సొంత తోటైతే?

కూలి వద్దు, భూమి ఇస్తే సరి అనే వాదన తెలుగువాళ్లకు అరకు పేరుతో చేరుతుంది. పాడేరు, అరకు మన్యంలో కాఫీ ఎక్కువగా గిరిజన కుటుంబాల చిన్న తోటల్లో పండుతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొడగు, చిక్కమగళూరు అరబికాలతో పాటే. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. లైన్ ఇంటి భయం లేదు, మేస్త్రీ లేడు. కానీ పండు కోయడం, తొక్క తీయడం, కడిగి ఆరబెట్టడంలో ఆమె చేసిన రోజులకు విడిగా కూలి రాదు. డబ్బు సీజన్‌కు ఒకేసారి, అమ్మిన చేతికి వస్తుంది. వారం వారం చేతికొచ్చే కూలి డబ్బుకు ఉన్న స్వేచ్ఛ దానికి ఉండదు. పట్టా గడిలో ఈమెకు మార్కు, నగదు గడిలో ఎస్టేటు కూలీకి మార్కు. అక్కడి ప్రభుత్వ అటవీ అభివృద్ధి సంస్థ కాఫీ తోటల్లో కూలికి కూడా వెళ్లే మన్యం ఆడవాళ్లకు రెండూ కొద్దికొద్దిగా దక్కుతాయి, సమయం గడి మాత్రం ఇంకా లోతుకు పోతుంది.

కత్తెర, యంత్రం

కూలీలు దొరకని చోట యంత్రం వస్తుంది. నీలగిరి టీ తోటల్లో వేళ్లతో ఆకు గిల్లడం పోయి చాలాచోట్ల కత్తెర వచ్చింది. దానితో రోజుకు కోసే ఆకు పెరిగింది, మోయాల్సిన బరువూ పెరిగింది. ఇద్దరు పట్టుకుని నడిపే మోటారు యంత్రం వచ్చేసరికి ఆ పని ఎక్కువగా మగవాళ్లకు పోయింది. ఆడవాళ్లు చేయలేక కాదు, శిక్షణకు పిలిచేటప్పుడు మేస్త్రీ ముందు మగవాళ్లనే పిలుస్తాడు కాబట్టి. కాఫీ ఏటవాలు నేలలో, నీడ చెట్ల కింద ఉండటంతో పెద్ద యంత్రాలు దిగలేవు. కొమ్మను ఊపి పండు రాల్చే చేతి యంత్రాలు మాత్రం వస్తున్నాయి. అవి పండిందీ పండనిదీ కలిపి రాలుస్తాయి. కింద పరిచిన టార్పాలిన్ మీద కూర్చుని పచ్చీ పండూ వేరుచేసే పని, రోజు కూలికి, మళ్లీ ఆడవాళ్లదే అవుతోంది.